పెట్టె తలుపు మీద పదమూడు

కోడుమూరు నుంచి మెకానిక్ లేవి మూడోసారి ఫోన్ చేసినప్పుడు నేను టిఫిన్ డబ్బా మూత తీసి రెండో ముద్ద ఇంకా నోట్లో పెట్టుకోలేదు. ఫోన్లు ఎత్తే అమ్మాయి ఆ రోజు సెలవు. కళ్యాణ్ సార్ తన గదిలోంచి వేలు చూపించాడు, నువ్వే ఎత్తు అని. ఆయనది కంపెనీ, నాది కడుపు. ఎత్తాను.

అవతలి మనిషికి తొందరనేదే లేదు. పేరు లేవి అని, ఊరు కోడుమూరు అని, ముప్పై రెండేళ్ళుగా బోర్లలో మోటార్లు దింపుతున్నానని ఒక్కొక్కటీ నిదానంగా చెప్పుకొచ్చాడు. ఆఖరుకు అసలు మాటకొచ్చాడు.

"మీ పెట్టె నోటితో పదమూడు అంటాది పాపా. చేతల్లో మాత్రం ఎనిమిదే పట్టుకోనుండాది. దసరా దాకా బాగనే వినె. దసరా నుంచి వినడంల్యా."

సరే అన్నా, రాసుకున్నాను, చూస్తాం అన్నాను. ఫోన్ పెట్టేసి, ఫిర్యాదు కాగితంలో కారణం అన్న గడిలో 'మెకానిక్ డైరెక్టు పెట్టాడు' అని రాసి, అన్నంలో పెరుగు కలుపుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ పెరుగన్నం గొంతుకు అడ్డం పడుతుంది. అప్పుడు మాత్రం హాయిగా దిగింది.

మాది కర్నూలులో చిన్న కంపెనీ. బోరు మోటారు స్టార్టరు పక్కన బిగించే పెట్టె తయారుచేస్తాం. రైతు ఇంట్లో కూర్చుని సెల్లులోంచి మోటారు వేసుకోవచ్చు, ఆపుకోవచ్చు. కరెంటు పోయినా పెట్టె లోపల బ్యాటరీ ఉంటుంది కాబట్టి అది మెలకువగానే ఉండి, కరెంటు రాగానే కబురు పెడుతుంది. వీటన్నిటికన్నా పెద్ద పని ఇంకోటుంది. బోరులో నీళ్ళు అడుగంటితే మోటారు ఒట్టిగా తిరిగి తిరిగి కాలిపోతుంది. ఒట్టిగా తిరిగేటప్పుడు అది తాగే కరెంటు తగ్గుతుంది. అందుకని కరెంటు ఒక అంకెకన్నా కిందికి పడగానే పెట్టె మోటారును ఆపేయాలి. చిన్న మోటారుకు ఆ అంకె ఎనిమిది ఆంపియర్లయితే పెద్దదానికి పదమూడు. మెకానిక్ కొలిచి చూసి ఆ అంకెను పెట్టెకు మెసేజ్ పెడతాడు. పెట్టె '13 నమోదైంది' అని జవాబిస్తుంది. ఆ పెట్టె లోపలి ప్రోగ్రాము రాసేది నేను. పేరు పద్మప్రియ, ఊరు డోన్, కోపం పుట్టుకతోనే ఉంది.

ఫిబ్రవరి నుంచి మార్చి నడిమి దాకా కోడుమూరు చుట్టుపక్కల నాలుగు మోటార్లు కాలాయి. నాలుగింటికీ మా పెట్టెలే. నాలుగూ లేవి దింపిన మోటార్లే. ఇంక ఆలోచించడానికి ఏముంది? మా జిల్లా మెకానిక్కుల డైరెక్టు జబ్బు నాకు బాగా తెలుసు. పెట్టె మోటారును ఆపితే రైతు తిడతాడు. రైతు తిడితే మెకానిక్ పెట్టెను పక్కకు తప్పించి వైరు నేరుగా కలిపేస్తాడు. మోటారు కాలాక వైరును ఎప్పటిలా పెట్టేసి, మీ పెట్టె పనికిరాదంటాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నాడట. పైగా ఈయన దసరా నుంచి వినడం లేదంటాడా! దసరాకు పెట్టెల్లోకి పంపింది నేను కొత్తగా రాసిన ప్రోగ్రాము. ఆ మాటే నాకు కారం రాసినట్టయింది.

ఆ ప్రోగ్రామంటే నాకు అంత గర్వం. నాకన్నా ముందు పనిచేసినాయన నీళ్ళు లేనప్పుడు ఆపడానికి ఒక చోట, లోడు ఎక్కువైతే ఆపడానికి ఇంకో చోట, వోల్టేజి తగ్గితే ఒక చోట, పెరిగితే ఒక చోట, నాలుగు చోట్లా ఒకే సంగతిని తిప్పి తిప్పి రాసిపెట్టి పోయాడు. ఒకచోట బాగుచేస్తే ఇంకోచోట చిరిగేది. నేను అదంతా పీకిపారేసి జెనరిక్ పద్ధతిలో రాశాను. అంటే పనిని ఒక్కసారే రాయడం, ఏ సరుకు ఇచ్చినా అదే పని చేసేట్టు చూడడం.

అందులో ఒక కిటుకు ఉంది, మా నాన్న కొట్టులోని తక్కెడతో చెబితే తేలిగ్గా తెలుస్తుంది. తక్కెడకు రెండు పళ్ళేల్లోనూ ఏదో ఒకటి పడాలి. మా నాన్న నాగసుబ్బయ్య పండగ రద్దీలో ఒక పళ్ళెంలో కిలో రాయి పెట్టి తాడుతో కట్టేసేవాడు. ఇంక పొట్లాలు కట్టేవాళ్ళకు రాయితో పనిలేదు, రెండో పళ్ళెంలో చక్కెర పోసుకుంటూ పోతే చాలు. ప్రోగ్రాములో కూడా 'ఇది దానికన్నా తక్కువా' అని తేల్చే పని ఉంటుంది, దానికి రెండు అంకెలు ఇవ్వాలి. ఆ పనిని ఒక వస్తువులాగా చేతికి ఇవ్వొచ్చు, ఫంక్షన్ ఆబ్జెక్ట్ అంటారు. దాన్ని బైండ్ అనే దాంట్లో పెట్టి రెండో అంకెను ముందే కట్టేస్తే, ఒక్క అంకె ఇస్తే చాలనే కొత్త పని తయారవుతుంది. నేను అలా నాలుగు తక్కెడలు కట్టి వరసగా పేర్చాను. మోటారు కొలతలు వాటి ముందుకు వస్తాయి, ఏ తక్కెడ ఆపు అంటే అప్పుడు ఆపడం. రెండు వందల వరసల ప్రోగ్రాము ఇరవై వరసలైంది. కళ్యాణ్ సార్ అందరినీ పిలిచి చూపించాడు. నేను వారం రోజులు నేలమీద నడవలేదు.

నాలుగో మోటారు విశ్వాసమ్మ అనే రైతుది. అది కాలాక కళ్యాణ్ సార్ రిపోర్టు తయారుచేయించాడు. పెట్టెలో లోపం లేదు, మెకానిక్ డైరెక్టు పెట్టడంవల్లే మోటార్లు కాలాయి, అని నాలుగు వరసలు. కోడుమూరులో మా పెట్టెలు అమ్మే దుకాణదారుకు ఆ మాట ముందే ఫోనులో చెప్పేశాడట. ఇప్పుడు నేను పోయి బోర్లు చూసి సంతకం పెట్టాలి, లేవితో కూడా పెట్టించుకుని రావాలి. నేను ఎగిరి గంతేశాను. ఆ మనిషి మొహంమీదే నాలుగు మాటలు అడిగి వద్దామని పొద్దున్నే బస్సెక్కాను.

విశ్వాసమ్మ చేను ఊరి పక్కనే, చర్చి వెనకాల. రెండెకరాల్లో శనక్కాయ వేసింది. పదహారు రోజులుగా నీళ్ళు లేవు. ఊడలు దిగే వేళకు తడి లేక చేను చేనంతా తల వాల్చేసింది. ఆమె గట్టుమీద కూర్చుని ఉంది, యాభై ఏళ్ళుంటాయి. నన్ను చూసి లేవలేదు. నేను ఎవరో చెప్పగానే, మీ పెట్టెను నమ్ముకుని ఇంట్లో పడుకున్నానమ్మా అని మాత్రం అంది. లేవిని అడిగితే మొహం అటు తిప్పుకుంది. ఆ పేరు నా ముందర ఎత్తొద్దు అంది.

ఊళ్ళో సంగతి ఆమె నోటనే తెలిసింది. దుకాణదారు చెప్పినప్పటి నుంచి లేవిని ఎవరూ పనికి పిలవడం లేదు. లేవి చర్చిలో సంఘపెద్ద. ఇరవై ఏళ్ళుగా ఆదివారం ముందు వరసలో బెంచీమీద కూర్చుంటాడు. దొంగతనంగా డైరెక్టు పెట్టి, పైగా పెట్టలేదని అబద్ధమాడేవాడు సంఘానికి పెద్ద ఎట్లవుతాడని కొందరు అడిగారు. తేలేదాకా వెనక కూర్చోమని పాస్టరు చెప్పాడు. రెండు ఆదివారాలుగా లేవి గుమ్మం దగ్గర చాపమీద కూర్చుంటున్నాడు. తిక్క కుదిరింది అనుకున్నాను నేను. నిజంగానే అనుకున్నాను, ఇప్పుడు దాచి ఏం లాభం.

అంతలో లేవి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఉతికిన తెల్లచొక్కా మీద గ్రీజు మరకలతో. విశ్వాసమ్మ అటు తిరిగి కూర్చుంది. ఆయన ఆమెకేసి ఒకసారి చూసి, పోయి స్టార్టరు పెట్టె తలుపు తెరిచాడు. తలుపు లోపలివైపు తెల్లరంగుతో ఒకదాని కింద ఒకటి అంకెలు, తేదీలు, పేర్లు ఉన్నాయి. అన్నిటికన్నా కింద '13 – లేవి' అని, ఫిబ్రవరి తేదీ ఉంది.

తాను ఏ బోరుకు ఏ అంకె పెట్టినా పెట్టె తలుపుమీద రాస్తాడట. చిన్న రంగు డబ్బా, చీపురుపుల్ల ఎప్పుడూ సంచిలో ఉంటాయట. ఎందుకంటే, ముప్పై ఏళ్ళ కిందట తన తప్పువల్లే ఒక మోటారు కాలిందట. అప్పుడు రైతు ఇంకెవరినో అనుమానించి కొట్టబోయాడట. అప్పటినుంచి తలుపుమీద రాయడం మొదలుపెట్టాడు.

"తప్పు ఎవరిదో తలుపే చెప్పాల పాపా. మనిషిని అడిగితే మాట మారుస్తాడు" అన్నాడు.

రాయడానికేం, మోటారు కాలాక కూడా రాయొచ్చు కదా అన్నాను నేను. అంత మాట అన్నాను. సంచిలోంచి రిపోర్టు తీసి, ఇక్కడ సంతకం పెట్టు అని చీపురుపుల్ల పట్టే ఆ చేతికి పెన్ను ఇచ్చాను.

లేవికి కోపం వచ్చినట్టు నాకు తెలియనే లేదు. కోపమంటే నాలాగా అరవడమే అనుకునేదాన్ని. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతికే ఇచ్చాడు.

"నేను మూడు తూర్లు ఫోన్ చేస్తి. మూడు తూర్లూ సరే రాసుకున్నా అంటిరి. మూడోతూరి గొంతు నీదే. ఏం రాసుకుంటివి?"

నాకు ఇంకా మండింది. ఇదేమన్నా కోర్టా, నన్ను నిలదీయడానికి నువ్వెవరు, చేతనైతే పెట్టె వినడం లేదని ఇప్పుడే ఇక్కడే చూపించు అని అరిచాను. విశ్వాసమ్మ కూడా ఇటు తిరిగింది. రా అన్నాడు లేవి. ఇద్దరమూ గట్టువెంట నడిచి పక్క చేనుకు పోయాం. విశ్వాసమ్మ మా వెనకాలే వచ్చింది.

పక్క చేను రంగన్నది. విశ్వాసమ్మ బోరులాగే ఆయన బోరులోనూ ఎండాకాలం నీళ్ళు కిందికి పోయాయి, పోతే పాత మోటారు తీసేసి పెద్ద మోటారును ఇంకా లోతుకు దింపారు. అది ఇంకా కాలలేదు, ఎందుకంటే లేవి రంగన్నకు పెట్టెను నమ్మొద్దని, మోటారు వేసినంతసేపూ పక్కనే నిలబడమని చెప్పాడు. తలుపుమీద '8 – లేవి' పైన ఉంది, '13 – లేవి' దాని కింద ఉంది. నేను నా ఫోను తీసి పెట్టెను అడిగాను. '13 నమోదైంది' అని జవాబు వచ్చింది. చూశావా అన్నట్టు ఫోను లేవి మొహం ముందు పెట్టాను.

లేవి రంగన్నతో మోటారు వేయించాడు. సంచిలోంచి టాంగ్ టెస్టర్ తీసి వైరు చుట్టూ తగిలించాడు, వైరులో ఎంత కరెంటు పోతోందో అది చెబుతుంది. పద్దెనిమిది చూపించింది. తరవాత నీళ్ళ పైపుమీద గేట్‌వాల్వును కొద్దికొద్దిగా తిప్పుతూ మూశాడు. నీళ్ళు తగ్గేకొద్దీ కరెంటు తగ్గింది. పదహారు. పద్నాలుగు. పన్నెండున్నర దగ్గర పెట్టె టక్కుమని ఆపుతుందని నేను ఎదురుచూశాను. ఆపలేదు. పన్నెండు. పదకొండు. మోటారు తిరుగుతూనే ఉంది. పెట్టెమీద పచ్చదీపం నిశ్చింతగా వెలుగుతూనే ఉంది. మళ్ళీ మెసేజ్ పెట్టి అడిగాను. '13 నమోదైంది' అంది. పదకొండు పదమూడు కన్నా తక్కువని రెండో తరగతి పిల్లకు కూడా తెలుసు.

లేవి నాకేసి చూడలేదు. గొట్టంమీద చెయ్యి పెట్టి, రంగన్నా, ఇంగ ఆపు, కాలిపోతాది అన్నాడు. రంగన్న చేత్తో ఆపాడు.

ఆఫీసులో పెట్టె మొరాయిస్తే మేం చేసే పని ఒకటే. మొత్తం ఆపి మళ్ళీ వేయడం. చేతులు వాటంతట అవే ఆ పని చేశాయి. మెయిన్ తీయించాను, లోపలి బ్యాటరీ వైరు పీకాను, పదిదాకా లెక్కపెట్టి మళ్ళీ తగిలించాను. మోటారు వేయమన్నాను. వాల్వు మూయమన్నాను. పద్నాలుగు. పదమూడు. పన్నెండు పాయింట్ తొమ్మిది అని టెస్టర్ చూపిస్తుండగానే పెట్టె టక్కుమంది. మోటారు ఆగిపోయింది.

అంతే. ప్రోగ్రాములోని ఆ బైండ్ వరస నా కళ్ళముందు నిలబడింది, నేను రాసింది, నేను గర్వపడ్డది. బైండ్‌కు అంకె ఇస్తే అది ఆ అంకెను పట్టుకుని కూర్చోదు, దాని నకలు ఒకటి తీసి కట్టుకుంటుంది. మా నాన్న కొట్టులో అసలు రాయిని గల్లాపెట్టెలో దాచి, అలాంటిదే ఇంకో రాయిని పళ్ళెంలో కట్టినట్టు. తరవాత గల్లాపెట్టెలో రాయిని ఎన్నిసార్లు మార్చినా పళ్ళెంలో పాత రాయే తూగుతుంది. నకలు కాదు, అసలు దాన్నే చూస్తూ ఉండు అని చెప్పాలంటే అంకె చుట్టూ రెఫ్ అని చిన్న మాట రాయాలి. నేను రాయలేదు. లేవి పదమూడు పంపాడు. పెట్టె పదమూడును రాసుకుంది, అడిగినవాళ్ళకు పదమూడే చూపించింది, తీర్పు మాత్రం దసరానాడు కట్టిన ఎనిమిదితోనే చెప్పింది. మొత్తం ఆగి మళ్ళీ లేస్తే తప్ప కొత్త రాయి కట్టుకోదు. ఆఫీసు బల్లమీద పెట్టెలకు మేం బ్యాటరీలు పెట్టం, సాయంత్రం మెయిన్ ఆపితే నిద్రపోతాయి, పొద్దున లేస్తాయి, అందుకే మాకు ఎన్నడూ తప్పు దొరకలేదు. తుంగభద్ర ఒడ్డున, కాలువల కింద ఉన్న రైతులకు మోటారు మార్చే పనే రాదు. ఏటేటా నీళ్ళు కిందికి పోయే కోడుమూరులోనే అంకె మారుతుంది. కాలవలసిన మోటార్లు ఇక్కడే కాలాయి.

లేవి చెప్పిన ఆ ఒక్క మాటలో అంతా ఉంది. నోటితో పదమూడు, చేతల్లో ఎనిమిది, దసరా నుంచి. నేను కూడా మెకానిక్కుల గురించి ఎప్పుడో కట్టేసుకున్న రాయితో ఆయన మాటను తూచాను, సరే రాసుకున్నాను అంటూ.

తప్పు నాదే అని అక్కడే చెప్పాలి. చెప్పలేదు. పెట్టె లోపల ఏదో ఉంది, చూసి చెబుతాను అని గొణిగి, బస్సుకు వేళయిందని బయల్దేరాను. అంత నోరున్న దాన్ని, కావలసినప్పుడు ఆ నోరు ఎక్కడికి పోయిందో. మీ దగ్గరున్న మిగతా పెట్టెలకు కూడా బ్యాటరీ పీకి పెట్టించండి అని మాత్రం లేవికి చెప్పాను. ఆయన తల ఊపాడు. విశ్వాసమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

మధ్యాహ్నం మూడింటికి కళ్యాణ్ సార్ గదిలో ఉన్నాను. మొత్తం చెప్పాను. ఆయన తెలివైనవాడు, సగంలోనే అర్థమైంది. రెఫ్ రాసెయ్, వచ్చే నెల కొత్త ప్రోగ్రాముతో పాటు చడీచప్పుడు లేకుండా పంపిద్దాం అన్నాడు. మరి రిపోర్టు అన్నాను. రిపోర్టు అలాగే ఉండనీ అన్నాడు. మూడు వందల నలభై పెట్టెలున్నాయి, తప్పు మనదని ఒక్కసారి ఒప్పుకుంటే రేపు ఏ మోటారు కాలినా మన నెత్తికే చుడతారు అన్నాడు. ఆయన గొంతు పెంచలేదు. అదీ నా ఒళ్ళు మండించింది.

"లేవి సంగతి?" అన్నాను.

"ఆయనకేం పోయింది ప్రియా? ఊళ్ళో మెకానిక్, రెండు నెలలు పోతే అందరూ మరిచిపోతారు."

చాపమీద కూర్చున్నాడు సార్ ఆ మనిషి, ఇరవై ఏళ్ళు బెంచీమీద కూర్చున్నవాడు, అని నేను అరిచాను. ఆఫీసంతా తలలెత్తి చూసింది. కళ్యాణ్ సార్‌కు బెంచీ ఏమిటో చాప ఏమిటో తెలియలేదు, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. సరే, నీ మాట గమనంలో పెట్టుకుంటాను అన్నాడు. గమనంలో పెట్టుకుంటాడట. మా పెట్టె యజమానిని చూసి నేర్చుకుందో, యజమాని పెట్టెను చూసి నేర్చుకున్నాడో.

నేను నా కుర్చీలోకి వచ్చి కూర్చున్నాను. పెట్టెల యజమానులందరికీ ఒకేసారి మెసేజ్ పంపే వీలు నా దగ్గర ఉంది. పండగ శుభాకాంక్షలకు తప్ప దాన్ని ఎన్నడూ వాడలేదు. ఇలా రాశాను: 'దసరా తరవాత మీ మోటారు అంకె మార్చి ఉంటే పెట్టె ఆ మార్పును పాటించడం లేదు. వెంటనే మెయిన్ ఆపి, బ్యాటరీ వైరు ఒకసారి పీకి పెట్టండి. తప్పు పెట్టె ప్రోగ్రాముది. మీ మెకానిక్‌ది కాదు.' చివరన నా పేరు పెట్టి పంపేశాను. మూడు వందల నలభై మందికీ పోయింది. గదిలో కళ్యాణ్ సార్ ఫోన్ మోగడం మొదలైంది, మోగుతూనే ఉంది. నేను రెఫ్ అన్న మాటను రాయవలసిన చోట రాసి, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, బయటికి వచ్చేశాను. రేపటి నుంచి రావక్కర్లేదని ఆయన మెట్లమీదికొచ్చి చెప్పాడు. ఆ ముక్క నేనే చెబుదామనుకున్నాను, ఆయన ముందు చెప్పేసినందుకు కూడా కోపం వచ్చింది.

ఆదివారం మళ్ళీ కోడుమూరు బస్సెక్కాను. మెసేజ్ చాలదని నాకు తెలుసు. మెసేజ్ అంటే ఎక్కడో కూర్చుని సరే అన్నట్టే.

చర్చి బయట వేపచెట్టు నీడలో నిలబడ్డాను. లోపల పాట అయిపోయి, ప్రార్థన అయిపోయి, జనం బయటికి వస్తున్నారు. లేవి గుమ్మం దగ్గర చాప చుట్టి గోడకు ఆనిస్తున్నాడు. ఇంకా చాపే. మెసేజ్ చూసినవాళ్ళు చూశారు, అయినా ఫోనులో వచ్చిందాన్ని నమ్మి ఎవరూ ఆయన్ను ముందుకు పిలవలేదు. నేను మెట్లెక్కి, పాస్టరుకూ అక్కడున్నవాళ్ళకూ వినబడేట్టు చెప్పాను. ఈ పెట్టె లోపలి ప్రోగ్రాము రాసింది నేను, లేవి పెట్టిన అంకెలు నాలుగూ సరైనవే, మోటార్లు కాలింది నా తప్పువల్ల, ఆయన డైరెక్టు పెట్టాడని కాగితంమీద రాసింది కూడా నేనే అని. అరవాలనుకోలేదు, అరుపులాగే వచ్చింది.

విశ్వాసమ్మ గుంపులోంచి ముందుకొచ్చింది.

"ఇప్పుడు చెప్తాండావు. చెప్తే నా చేను లేస్తాదా?"

లేవదమ్మా అన్నాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది, తిట్టలేదు.

లేవి చాపను వదిలి నా దగ్గరకొచ్చాడు. క్షమించాను, పోనీలే, ఇలాంటివేమీ అనలేదు. నోటిమాట గాలికి పోతాది, తలుపుమీద రాయి అన్నాడు. చర్చి వెనక విశ్వాసమ్మ చేనుకు దారి తీశాడు. పాస్టరు, రంగన్న, ఇంకో ఇరవైమంది వెనకాల వచ్చారు. స్టార్టరు పెట్టె తలుపు తెరిచి, సంచిలోంచి రంగు డబ్బా తీసి, చీపురుపుల్ల నా చేతికిచ్చాడు.

'13 – లేవి' కింద జాగా ఉంది. ఏం రాయాలో ఆయన చెప్పలేదు. నాకు తెలుసు. పుల్లను రంగులో ముంచి, ముందు 8 వేశాను. రంగు కారి ఎనిమిది కింది సున్నా వంకర పోయింది. పక్కన గీత గీసి పద్మప్రియ అని రాసి, తేదీ వేశాను. పేరు పూర్తిగా రాయడానికి మూడుసార్లు ముంచాల్సి వచ్చింది. పాస్టరు దగ్గరగా వంగి రెండు అంకెలూ పైకి చదివాడు.

లేవి డబ్బాకు మూత పెట్టుకున్నాడు. రంగు ఆరేదాకా తలుపు వేయొద్దన్నాడు. అందరమూ ఆ ఎండలో అలాగే నిలబడ్డాం.

విశ్వాసమ్మ తలుపు దగ్గరికి వచ్చి పదమూడునూ చూసింది, ఎనిమిదినీ చూసింది. మూడు వారాలుగా లేవితో మాట్లాడని మనిషి ఆయనవైపు తిరిగింది.

"లేవన్నా, కాలిన మోటారు రేపు పైకి తీయాల. పొద్దున్నే వస్తావా?"

"వస్తా" అన్నాడు లేవి.

నన్నెవరూ ఏమీ అడగలేదు. నేను బస్సుకు నడిచాను.